పాత వెబ్లీ రివాల్వర్ చేతికొస్తే: గుర్తుపట్టడం, ధర కట్టడం

"అన్నా, ఇది ఎంత పలుకుతుంది?" అంటూ నాకు ఫోటోలు పంపేవాళ్లకు నా మొదటి ప్రశ్న ఒకటే. సిలిండర్, అంటే తూటాలు పెట్టే తిరిగే చక్రం, వెనక భాగం ఫోటో ఏది? కుడి నుంచి, ఎడమ నుంచి, వెల్వెట్ గుడ్డ మీద పెట్టి బోలెడు తీస్తారు. సగం ధర తేలే ఆ ఒక్క చోటు మాత్రం తీయరు.

నేను బాలానగర్‌లో టూల్ అండ్ డై పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో ఒక మెషిన్ షాపులో పని చేస్తున్నాను. తుపాకులంటే నాకు సినిమా మోజు లేదు. వందేళ్ల కిందట మిల్లింగ్ మెషిన్ మీద ఒక మనిషి ఫ్రేమ్ ఎలా కోశాడో చూడటం సరదా. అందుకే మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల నాటి, అవసరం తీరాక సైన్యం అమ్మేసిన సర్‌ప్లస్ రివాల్వర్లు పోగేయడం మొదలుపెట్టాను. ఇక్కడ ఎక్కువగా చెప్పేది వెబ్లీ మార్క్ 6 గురించి. అమెరికాలో గన్ షోలకు వెళ్లినా, ఎవరింట్లోనైనా పాత ట్రంకు పెట్టె తెరిచినా ఎక్కువగా కనబడే బ్రిటిష్ మిలిటరీ రివాల్వర్లలో ఇదొకటి. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేదీ దీని దగ్గరే.

మన తెలుగువాళ్ల కోసం ఒక మాట ముందే చెప్పాలి. హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయరును అడగండి, ఫ్రెండ్‌ను కాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. నేను కార్డు వచ్చేదాకా ఫోటోలు చూసి, పుస్తకాలు చదివి సరిపెట్టుకున్నాను. చూడటానికి, నేర్చుకోవడానికి వీసా అడ్డు రాదు కదా.

చేతిలోకి తీసుకోగానే

గుర్తులు చదివే ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. "మా తాత పోయినప్పటి నుంచి అలాగే ఉంది" అన్నారంటే తూటాలు కూడా అలాగే ఉండొచ్చని నేను అనుకుంటాను. గొట్టం మనుషులు లేని వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనివ్వకండి. వెబ్లీ నడుం విరిగినట్టు తెరుచుకునే రకం. ఫ్రేమ్ ఎడమ వైపు, హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి) పక్కన బొటనవేలికి అందేలా ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి గొట్టాన్ని కిందకు వంచితే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేస్తుంది. లోపల తూటాలుంటే వాటినీ లేపుతుంది. ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి చూడండి.

తుప్పు పట్టి తెరుచుకోకపోతే సుత్తి, స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. తూటాలు ఉన్నట్టే లెక్కేసి గన్‌స్మిత్‌కు ఫోన్ చేయండి. బలవంతంగా తెరిస్తే ఆ మీట స్ప్రింగు విరుగుతుంది, స్క్రూ తలలు చెడతాయి. చెడిన స్క్రూ తల కనబడగానే కొనేవాడు ధర తగ్గించేస్తాడు. నేనైనా అంతే.

ఏ మార్క్?

వెబ్లీ ప్రభుత్వ మోడళ్లు 1887లో మార్క్ 1తో మొదలయ్యాయి. బోయర్ యుద్ధం రోజుల్లో 1899 నాటి మార్క్ 4, 1913లో మార్క్ 5, 1915 మేలో మార్క్ 6 వచ్చాయి. చూపుతోనే తేల్చే పద్ధతి పిడి చూడటం. మొదటి ఐదింటికీ పిడి అడుగు పక్షి తలలా గుండ్రంగా ఉంటుంది, గొట్టం చాలావాటికి 4 అంగుళాలే. మార్క్ 6 పిడి అడుగు చదరంగా ఉంటుంది, గొట్టం 6 అంగుళాలు, ముందు సైటు స్క్రూతో బిగించిన విడి ముక్క. దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు మళ్లీ ఇంకోదానితో పొరబడరు, కిలోకు పైగా బరువు.

గొట్టం పైభాగంలో, సిలిండర్ కింద ఫ్రేమ్ మీద ముద్రలు ఉంటాయి. వెబ్లీ పేరు, మార్క్ అని రోమన్ ఆరు, పేటెంట్స్ అనే మాట, తయారైన సంవత్సరం. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ వాళ్లు వీటిని 1915 నుంచి 1921 వరకు సైన్యానికి చేశారు. ఆ తర్వాత 1926 దాకా ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారం చేసింది. ఎన్‌ఫీల్డ్ చేసినవాటి మీద కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, సంవత్సరం ఉంటాయి. ఇవి తక్కువ కనబడతాయి, కాబట్టి పోగేసేవాళ్లు కొంచెం ఎక్కువ ఇస్తారు.

చూడటానికి ఇలాగే ఉన్నా కాస్త చిన్నగా, సన్నగా, 5 అంగుళాల గొట్టంతో ఉంటే అది 1932లో సైన్యం తీసుకున్న ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 గానీ వెబ్లీ వాళ్ల .38 బోరు (గొట్టం రంధ్రం వెడల్పు, అంగుళాల్లో) మార్క్ 4 గానీ, అంటే పైన చెప్పిన 1899 నాటిది కాదు, అయ్యుంటుంది. హ్యామర్ మీద బొటనవేలి కొక్కెం లేకపోతే అది 1938 తర్వాత వచ్చిన రకం. ట్యాంకు సిబ్బందికి ఆ కొక్కెం లోపలి సామాన్లకు తగులుకుంటుందని తీసేశారు. ఈ ఎన్‌ఫీల్డ్ డిజైన్ తమదేనని వెబ్లీ వాళ్లు ప్రభుత్వం మీద పోట్లాడితే చివరికి దక్కింది 1,250 పౌండ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక ఆ మొత్తం నాకు నవ్వు తెప్పిస్తుంది.

బాణాలు చదవడం

నాకు ఇష్టమైన పని ఇది. భూతద్దం, పక్క నుంచి పడే వెలుగు ఉంటే చాలు. ఫోన్ టార్చి ఎదురుగా వేస్తే ముద్రలు కనబడవు, ఏటవాలుగా వేస్తే లేచి నిలబడతాయి.

పైకి చూసే మూడు గీతల బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని గుర్తు. అదే బాణం ఇంగ్లీషు సి అక్షరంలో ఉంటే కెనడా, యు అక్షరంలో ఉంటే దక్షిణాఫ్రికా, రెండు డి అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. బాణం కింద ఐ అనే అక్షరం ఉంటే అది ఇండియా సైన్యానిది. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా మనవాళ్లు సముద్రాలు దాటి వెళ్లారు. వాళ్లను నడిపించిన అధికారుల చేతుల్లో ఉన్నవి ఇలాంటివే. ఐ గుర్తు కనబడితే నేను ఒక నిమిషం ఆగుతాను. అమెరికా మార్కెట్ మాత్రం దానికి ప్రత్యేకంగా పైసా విదల్చదు.

రెండు బాణాలు మొనకు మొన తగిలేలా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. అసలు సర్‌ప్లస్ అనడానికి రుజువు అదే. దాని వెంట బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకీ పీడనాన్ని ఓర్చుకుంటుందో లేదో పరీక్షించే చోటు) ముద్రలు కూడా ఉంటాయి, ఎందుకంటే బ్రిటన్‌లో జనానికి అమ్మాలంటే ప్రూఫ్ పరీక్ష తప్పనిసరి. కిరీటం కింద బి.ఎన్.పి అక్షరాలు, కొన్నిటి మీద క్యాలిబర్, తూటా తొడుగు పొడవు, టన్నుల్లో పీడనం. ఇంగ్లాండ్ అనే మాట విడిగా కొట్టి ఉంటే అమెరికాకు దిగుమతి కోసం కొట్టినది. 1968 తర్వాత వచ్చినవాటి మీద దిగుమతిదారు పేరు, ఊరు కూడా చెక్కి ఉంటాయి. ఆ పెద్ద అక్షరాలు గొట్టం పక్కన ఉంటే చాలామంది మొహం చిట్లిస్తారు. అందుకే 1950లు, 60లలో వచ్చిన, దిగుమతిదారు పేరు లేని తుపాకీకి గిరాకీ ఎక్కువ.

ప్రభుత్వ బాణం అసలే లేకుండా, లండన్ దుకాణం పేరు ఉంటే నిరాశపడొద్దు. అప్పట్లో బ్రిటిష్ అధికారులు సొంత డబ్బుతో రివాల్వర్ కొనుక్కునేవారు. ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ వాళ్ల పేరు ఉన్నవి బాగానే కనబడతాయి. దాని మీద అధికారి పేరో, రెజిమెంటో చెక్కి ఉంటే మీకు పని దొరికినట్టే. మొదటి యుద్ధంలోని చాలామంది బ్రిటిష్ అధికారుల ఫైళ్లు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, ఫైలు కలిస్తే ధర మారిపోతుంది. "మా తాత సోమ్ యుద్ధంలో వాడాడు" అనే మాటకు మాత్రం, కాగితం లేకపోతే, నేను సున్నా డాలర్లు వేస్తాను. వినడానికి బాగుంటుంది, వింటాను.

దొంగ సరుకు సంగతి. పెషావర్ దగ్గర దర్రా ఆదమ్ ఖేల్‌లో చేతితో చేసిన నకళ్లు అఫ్ఘానిస్తాన్ నుంచి తిరిగొచ్చిన సైనికుల సామాన్లలో అమెరికా చేరాయి. ఆకురాయి పట్టే చేయి గొప్పదే, అక్షరాలే పట్టిస్తాయి. ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, స్పెల్లింగ్ తప్పుతుంది, 1901లో పోయిన విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాల్లో కొట్టి దాని కింద 1910 అని ఉంటుంది. ఇనుము ఏదో తెలియదు కాబట్టి వాటిని ఎవరూ కాల్చకూడదు. గోడకు బాగుంటాయి.

ఆ ఫోటో ఎందుకు అడిగానంటే

మార్క్ 6 అసలు తూటా .455. యుద్ధాల తర్వాత అమెరికాకు కుప్పలుగా వచ్చినప్పుడు ఇక్కడ .455 దొరకడం కష్టం, .45 ఎ.సి.పి అనే పిస్టల్ తూటా మాత్రం ఏ దుకాణంలోనైనా దొరికేది. దానికి అంచు లేదు కాబట్టి హాఫ్-మూన్ క్లిప్పులు, అంటే తూటాలను పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు రేకులు, పెట్టాలి. ఆ క్లిప్పులకు చోటు కావాలి కాబట్టి అమ్మేవాళ్లు సిలిండర్ వెనక మొహాన్ని లేత్ మీద చెక్కేశారు. దీన్నే ఇక్కడ షేవ్ చేయడం అంటారు. అప్పట్లో అదొక సౌకర్యం, ఇప్పుడు అదొక గాయం.

ఎలా కనిపెట్టాలి? తెరిచి, సిలిండర్ వెనక వైపు చూడండి. అసలుదైతే ఆ మొహం ఫ్రేమ్ మిగతా భాగంతో ఒకే రకం రంగులో, ఒకే వయసులో ఉంటుంది. షేవ్ చేసినదైతే గుండ్రంగా టర్నింగ్ గీతలు ఉంటాయి, రంగు తెల్లబడి ఉంటుంది లేదా తర్వాత పూసినట్టుంటుంది. మధ్యలో ఉండే పళ్ల చక్రం మామూలు కంటే బయటికి పొడుచుకొచ్చి కనబడుతుంది. మూసి పక్క నుంచి చూస్తే సిలిండర్‌కూ వెనక గోడకూ మధ్య సందు పెద్దగా ఉంటుంది. అనుమానం ఉంటే షేవ్ చేయని ఇంకో మార్క్ 6 పక్కన పెట్టండి, వెంటనే తెలిసిపోతుంది.

ధర సంగతి సరే, ప్రాణం సంగతి కూడా ఇదే. ఫ్యాక్టరీ .45 ఎ.సి.పి తూటా పీడనం 21,000 పి.ఎస్.ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా అనుమతిస్తారు. వెబ్లీని .455 కోసం చేశారు, దాని పీడనం అంతకంటే చాలా తక్కువ. పట్టింది కదా అని కాల్చినవాళ్ల సిలిండర్లు పగిలాయి. అమ్మేటప్పుడు షేవ్ చేశారన్న సంగతి, ఫ్యాక్టరీ .45 వాడొద్దన్న సంగతి కాగితం మీద రాసి ఇవ్వండి.

.38 ఎన్‌ఫీల్డ్‌కు ఇదే రోగం ఇంకో రూపంలో ఉంది. దానికి పనికొచ్చేది .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) తూటా, .38 స్పెషల్ అనే ఇంకో రకం తూటా కాదు. రెండో యుద్ధకాలంలో బ్రిటన్‌కు వెళ్లిన అమెరికన్ కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ మోడల్ రివాల్వర్లను తర్వాత చాలామంది .38 స్పెషల్ పట్టేలా గదులు తొలిచి, గొట్టం కోసేశారు. కోసినది కనబడితే ధర సగం తీసేయండి. విక్టరీలకు ఒక సుఖం ఉంది. సీరియల్ ముందు వి అక్షరం ఉంటుంది, స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కు రుసుము కడితే అది ఎక్కడికి వెళ్లిందో లెటర్ ఇస్తారు.

కండిషన్

మూడు చోట్ల సీరియల్ నంబరు చూడాలి: ఫ్రేమ్, గొట్టం, సిలిండర్. మూడూ కలిస్తే మంచి మాట. సిలిండర్ తేడా అయితే ఎప్పుడో రిపేర్లో మార్చారు. అలాంటిది ధర తగ్గుతుంది గానీ పనికిరానిది కాదు.

రంగు గురించి మనవాళ్లకు చెప్పీ చెప్పీ అలసిపోయాను. పాత రివాల్వర్ మీద నల్లని నీలి పూత అక్కడక్కడా గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది అసలైన పూత. దాన్ని ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమినట్టు స్టీల్ వూల్‌తో రుద్ది, మిలమిలలాడుతూ తెచ్చి చూపిస్తారు. ఆ పావుగంట మెరుపుకు వందల డాలర్లు పోతాయి. మళ్లీ పూత వేయించినదాన్ని కూడా పసిగట్టొచ్చు. ముద్రల అంచులు మెత్తబడి ఉంటాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోయలా పాలిష్ గుంటలు ఉంటాయి, మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఒరిజినల్ ఫ్రేమ్ మూలలు వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉంటాయి. మీరు చేయాల్సిందల్లా మెత్తటి గుడ్డ, పలచని నూనె. అంతకు మించి ఏదీ వద్దు.

తర్వాత గొట్టం లోపల. ఖాళీ అని మళ్లీ చూసుకుని, తెరిచి, వెనక నుంచి వెలుగు వేసి చూడండి. ఆ కాలం తూటాల ప్రైమర్లు (తూటా అడుగున మందు అంటించే బిళ్లలు) తేమ పీల్చే ఉప్పు మిగిల్చేవి, కాల్చాక కడగకపోతే లోపల గుంటలు పడతాయి. తేలికపాటి మచ్చలు మామూలే, గొట్టం లోపలి మెలిక గీతలు అరిగి కనబడకపోతే ధర పడిపోతుంది. గొట్టం, ఫ్రేమ్ కలిసే కీలు దగ్గర పట్టుకుని నెమ్మదిగా ఊపితే కదలిక తెలియకూడదు. చిల్లులు, అతుకులు, పగుళ్లు ఉంటే చెప్పక్కర్లేదు.

కొనేవాళ్లు ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అనే ఎన్.ఆర్.ఎ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) మెట్లు వాడతారు. మిగిలిన పూత శాతం కూడా చెబుతారు. మీరు ఒక మెట్టు తగ్గించి రాసుకోండి, కొనేవాడు ఎలాగూ తగ్గిస్తాడు.

ధర కట్టడం

అడిగే ధరలు చూడొద్దు. ఆన్‌లైన్ వేలంలో ముగిసిన, నిజంగా అమ్ముడుపోయిన ధరలు మాత్రమే లెక్కలోకి తీసుకోండి. గన్‌బ్రోకర్‌లో ముగిసిన వేలాలు వెతకవచ్చు, రాక్ ఐలాండ్ లాంటి పెద్ద వేలం సంస్థలు పాత ఫలితాలు చూపిస్తాయి. మీ తుపాకీతో కలిసేవి కొన్ని ఏరండి. షేవ్ చేసినదాన్ని షేవ్ చేసినవాటితోనే పోల్చండి. పెద్ద వేలం ధరలో కొనేవాడు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉందో లేదో చూడండి. ఉంటే అమ్మినవాడికి అంత రాలేదు.

మా షాపులో ఒక సహోద్యోగి తెచ్చినదాన్ని ఇలా కట్టాను. 1918 వెబ్లీ మార్క్ 6, మూడు నంబర్లూ కలుస్తాయి, అమ్మకపు జంట బాణాలున్నాయి, ఇంగ్లాండ్ ముద్ర ఉంది, దిగుమతిదారు పేరు లేదు. ఇక్కడిదాకా అంతా లాభమే. సిలిండర్ షేవ్ చేశారు. మళ్లీ పూత వేయించారు, కిరీటం ముద్ర సగం చెరిగింది. గొట్టం లోపల బాగుంది. ఈ మధ్య నేను గమనించిన అమ్మకాల్లో షేవ్ చేయని, అసలు పూత ఉన్న మార్క్ 6 వెయ్యి డాలర్లు దాటుతోంది. ఇతనిదానికి 550 నుంచి 650 అని చెప్పాను. అతని మొహం చిన్నబోయింది. తర్వాత అదే పెట్టె అడుగు నుంచి గుండ్రటి తోలు సంచిలో ఒక ప్రిడో లోడర్ బయటపడింది. ఒకేసారి ఆరు తూటాలు నింపే ఆ చిన్న పరికరం అసలైనదైతే పోగేసేవాళ్లు ఎగబడి కొంటారు. తుపాకీతో కలిపి కాదు, విడిగా అమ్మమన్నాను. ప్రిచర్డ్ బయొనెట్ (ఈ రివాల్వర్ గొట్టానికి తగిలించే కత్తి) అని ఎవరైనా చూపిస్తే మాత్రం జేబు గట్టిగా పట్టుకోండి. గ్రీనర్ కంపెనీ చేసిన అసలువి కొద్దిగానే ఉన్నాయి, నకళ్లు కొల్లలు.

అమెరికా చట్టం దృష్టిలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనది యాంటిక్. మార్క్ 6 ఆ గీతకు ఇవతల ఉంది. కానీ 50 ఏళ్లు దాటిన తుపాకీ కాబట్టి క్యూరియో అండ్ రెలిక్ (పోగేసేవాళ్ల పాత తుపాకీ) అనే వర్గం కిందకు వస్తుంది. వీటిని పోగేసేవాళ్ల కోసం ఉన్న టైప్ 03 లైసెన్స్‌కు మూడేళ్లకు 30 డాలర్లు. అది ఉంటే వేరే రాష్ట్రం నుంచి కూడా ఇలాంటివి నేరుగా తెప్పించుకోవచ్చు, మీ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే. లేకపోతే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే.

ఇండియాలో ఇంట్లో ఉంటే

ఊళ్లో పాత బంగళాల నుంచి, రిటైర్డ్ సుబేదార్ల ఇళ్ల నుంచి కూడా నాకు ప్రశ్నలొస్తాయి. అక్కడ ధర కట్టే పని చివరిది. .455, .380 రిమ్డ్ (అంచు ఉన్న) తూటాలు పేల్చగల రివాల్వర్లు ఆయుధాల నియమాల ప్రకారం నిషిద్ధ బోరు. లైసెన్స్ ఇచ్చే అధికారం కేంద్ర హోం శాఖది, కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్స్ సరిపోదు. కాన్పూర్‌లో వెబ్లీ నమూనా మీద చేసే రివాల్వర్‌ను .32లో అమ్మడానికి కారణం ఇదే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా నిషిద్ధ ఆయుధం ఉంచుకుంటే శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నది కూడా ఆ సవరణే.

కాబట్టి తాతగారి లైసెన్స్ పుస్తకం వెతకండి. ఆయన పోయుంటే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, వారసుడిగా దరఖాస్తు పెట్టండి. పుస్తకమే లేకపోతే తుపాకీ చేత్తో పట్టుకుని బయల్దేరొద్దు. ముందు క్రిమినల్ లాయరును కలవండి, ఆయనతో కలిసి అప్పగించండి. రిపేరు చేసినా పేలనిదీ, పాతకాలపు విలువ ఉన్నదీ అయితే ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ అది పేలదని తేల్చాల్సింది మీరు కాదు. ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, నాకూ పంపొద్దు. లైసెన్స్ పుస్తకం పేజీలో ఉన్న బోరు, మేక్, నంబరు చదివి చెప్పండి, అదేం రకమో, ఏ కాలం నాటిదో వాటితోనే చెబుతాను.